ఉద్దానపు యువకులు – కళాశాల విద్య

ఏటేట ఇంటర్మీడియటు పరీక్షా ఫలితములు వెలువడిన పిమ్మట పలాస రైలుస్టేషనున యువకుల సందడి హెచ్చుచుండును. వీరిలో కొందఱు ఇంజనీరింగు చదువులకై విశాఖపట్టణమునకును, దాని కావలి ఊళ్లకును బోవువారు. కొందఱు కూలిపనులకై హైదరాబాదు, చెన్నపట్టణము, బొంబాయి నగరములకు తరలువారు. ఈ రెండు తెగలవారిని ఎల్లరు నెఱుగుదురు. వీరి నడుమ మూడవ తెగ యొకటి కలదు. వీరి పేరు ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలలో నొకదాని పట్టికలో నెక్కియుండును. మనిషి మాత్రము దూరనగరమున నొక గిడ్డంగిలోనో, కట్టడపు పనిలోనో యుండును. పరీక్షల సమయమున వారముదినములు సెలవు తీసికొని వచ్చి, గైడుపుస్తకములు త్రిప్పి, పరీక్షలు వ్రాసి, మరల రైలెక్కును. ఏండ్లు గడచిన పిదప పట్టము చేతికి వచ్చును. ఆ పట్టము బడసినవాడు తన కళాశాల గ్రంథాలయపు తలుపు ఎటువైపున నున్నదో యెఱుగడు.

ఈ మూడవ తెగను గూర్చియే నేడు మా పాఠకులకు మనవి చేయదలచితిమి. కళాశాలకు పేరిచ్చుట వేఱు. కళాశాలకు బోవుట వేఱు. పట్టము మొదటిదానివలనను రావచ్చును. తానెవడో, తనకేది చేతనగునో, ఏ దారిని నడువవలయునో యువకునకు తెలియుట రెండవదానివలననే యగును. పేరిచ్చి పోకుండుట వలన నష్టమగునది రుసుము కాదు. మనుష్యుని జీవితమున మరల తిరిగిరాని మూడు నాలుగు సంవత్సరములు.

ఇందు పేదవారిని నిందించుటకు మాకు నోరాడదు. ఉద్యానవనమను మాటనుండి పుట్టినదని పెద్దలు చెప్పెడి యీ ఉద్దానమున, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురము మండలములలో, కొబ్బరియు జీడియు పనసయు నమ్ముకొని బ్రదుకు కుటుంబములు వేలకొలది కలవు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున పలాసకు చేరువను తీరము దాటిన తిత్లీ తుపాను ఒక్కపూటలో ఆ తోటలను నేలగూల్చినది. పడిన కొబ్బరిచెట్టు స్థానమున నాటిన మొక్క కాపునకు వచ్చుట కేండ్లు పట్టును. ఇంటిల్లిపాది ఆకలి యన్నేండ్లు ఆగదు. దీనికి తోడు మూత్రపిండవ్యాధి. సంపాదించు తండ్రి మంచము పట్టిన యింట పదునెనిమిదేండ్ల కొడుకు పుస్తకము మూసి రైలెక్కుట అతని దోషము కాదు.

కాని ఆ కొడుకునకు దారిని జూపుచున్నవా రెవరు? తోటయు పొలమును గలిగి, పూటకు లోటులేక, 'పట్టము వచ్చిన జాలును, ప్రతిదినము పోనేల?' యని తమ పిల్లలను ఇంటనో, అంగడిలోనో కూర్చుండబెట్టుకొను గృహస్థులే. ఊరిలో పెద్దయిల్లు ఏది చేసిన చిన్నయిల్లు నదియే చేయును. మా మాట ముఖ్యముగ నట్టి పెద్దయిండ్లవారికి.

వారు చెప్పు మొదటి సమాధానము సామెత రూపమున నుండును: చదువవేసిన నున్నమతి పోయినదట! బి.ఏ. చదివినవాడు ఉద్యోగమునకు కొఱగాడు, నాగలి ముట్టడు. ఇంటికి చేటు, ఊరికి చేటు అని వారి యభియోగము. ఇట్టివా రున్నారనుట సత్యము. అయితే వారెవరని విచారింపుడు. పలువురు, చదువు సాగినన్నాళ్లు చదువక, పట్టమును మాత్రము తెచ్చుకొన్నవారే. పని నేర్చుకొనవలసిన కాలము పట్టము పేర గడచినది. చదువవలసిన కాలము పని పేర గడచినది. రెంటికిని చెడిన రేవడియైనాడు. ఇది చదువు చేసిన చేటు కాదు, చదువకపోవుటచేత వచ్చిన చేటు. మందు కొని తెచ్చి గూటిలో బెట్టి, రోగము కుదురలేదని వైద్యుని తిట్టువానికిని ఇతనికిని భేదము లేదు.

రెండవ సమాధానము మఱికొంత బలమైనది. మహాపురుషులందఱు కళాశాలలకు బోయిరా? అని ప్రశ్నింతురు. ఈ సీమవారు దూరము పోనక్కఱలేదు. నిదర్శనములు ముంగిటనే యున్నవి. బారువ గ్రామమున 1909లో జన్మించిన గౌతు లచ్చన్న గారు 1930లో ఉప్పు సత్యాగ్రహమునకై చదువును విడిచి, పిమ్మట రైతునాయకులై, దేశమంతట పేరుగాంచిరి. శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు మెట్రిక్యులేషను ముగిసిన పిదప బడిపంతులుగ జేరి, పైచదువులను సొంతముగనే చదివి పరీక్షలిచ్చి, బి.ఏ. పట్టము బడసిరి. ఏ భాషాసరణిని వారు జీవితాంతము ఖండించిరో ఆ సరణిలోనే యీ పంక్తులను వ్రాయుచున్నను, వారి యందలి మా భక్తి కొఱవడదు.

అయిన నీ యుదాహరణములను తుదివఱకు చదువవలయును. రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో నేమి చేసిరి? రాజావారి విద్యాసంస్థలో ముప్పది యేండ్లు పాఠములు చెప్పి, 1911లో విరమించిరి. పండితులతోడి వాదము, గ్రంథములతోడి సాంగత్యము, పట్టణమునకు వచ్చిపోవు సవరల నోటి మాటను వినికిడిచేత బట్టుకొని నేర్చుకొన్న పరిశ్రమ, ఇవియన్నియు ఆ యూరినుండియే సాగినవి. వారికి ముందు బెంచి లేదు గాని చుట్టును విద్యాలయము కలదు. గదియు, గురువును, గ్రంథమును లేని యొంటరితనమున వారట్లు కాగలిగియుందురా యనునది ఆలోచింపదగిన విషయము. లచ్చన్న గారు చదువు విడిచినది గిడ్డంగిలో లెక్కలు వ్రాయుటకు గాదు, దేశము పిలిచినందున. ఒక గొప్ప పనికై చదువును త్యజించుట వేఱు, ఏ పనియు తలపెట్టక చదువును పోగొట్టుకొనుట వేఱు.

జాతీయవాదుల నోట ఈ మాట వింతగ నున్నదని కొందఱు తలంపవచ్చును. 1920–21 సంవత్సరములలో సర్కారు కళాశాలలను విడిచి రండని విద్యార్థులను పిలిచినది జాతీయోద్యమమే కదా! నిజమే. ఆ పిలుపు అర్థమేమి? పరప్రభుత్వమునకు గుమాస్తాలను పోతపోయు యంత్రమును విడువుమనుటయే గాని, విద్యను విడువుమనుట గాదు. సహాయనిరాకరణమునకు పదియేండ్లు ముందుగనే, 1910లో, కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గారు మొదలగువారు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. కళాశాలను ద్వేషించువారు కళాశాలను స్థాపింతురా? ఈ జిల్లా బిడ్డడగు గరిమెళ్ల సత్యనారాయణ గారు బి.ఏ. ముగించి, రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచు, సహాయనిరాకరణమున జేరి, తమ పాటలకై చెఱసాలల కేగిరి. ఆ పాటలు ప్రజల నోటికి సులువైన మాటలు. వాని వెనుక నున్న చూపు చదివి యోచించినవాని చూపు. నాడు విడిచినవారి చేతిలో విడుచుటకొక చదువు కలదు. నేడు మన పిల్లవాడు విడుచునది యేది?

ఇక కళాశాలకు బోవుటచేత గలుగు మేలేమి? నిదానముగ విచారింతము.

మొదటిది కాలము. మన యిండ్లలో పిల్లవానికి పదునెనిమిదేండ్లు వచ్చుసరికి అతని దారిని ఇతరులే నిర్ణయించియుందురు. తండ్రి ఇంజనీరు కమ్మనును, మేనమామ అంగడి చూచుకొమ్మనును, పొరుగువాడు దుబాయి రమ్మనును. ఏది తనదో అతని కెవరును తీరిక నీయరు. కళాశాలలో గడపెడి సంవత్సరములు సమాజము యువకునకు ఇచ్చు గడువు. రసాయనశాస్త్రమునకై చేరినవాడు తన బుద్ధి చరిత్రలో నిలుచుచున్నదని కనుగొనవచ్చును. వాణిజ్యశాస్త్రము చదువవచ్చినవాడు వ్యవసాయమునకే తిరిగి రావచ్చును. తనకేది తగదో తెలిసికొనుటయు చదువే. ఇరువదియవ యేట ఇది తెలిసినవానికి ఒక సంవత్సరము నష్టము. నలువదియవ యేట తెలిసినవానికి జీవితమే నష్టము.

రెండవది సాంగత్యము. మందస కొండక్రింది సవర బాలుడు, సంతబొమ్మాళి తీరపు మత్స్యకారుని కొడుకు, కాశీబుగ్గ వర్తకుని కూతురు, టెక్కలి రైతు కుమారుడు, వీరందఱు ఒకే గదిలో ప్రక్కప్రక్కన కూర్చుండు చోటు ఈ సీమలో మఱియెక్కడ గలదు? గుడిలో వరుసలు వేఱు. విందులో పంక్తులు వేఱు. పొలముగట్లపై స్థానములు వేఱు. కళాశాలలోనైన నీ వేఱుపాటు పూర్తిగ నశించినదని మేమనజాలము. కాని అచ్చట సవర బాలుడు లేచి లెక్కకు సమాధానము చెప్పునప్పుడు భూస్వామి కొడుకు తలయెత్తి వినవలసివచ్చును. ఆ యొక్క గంటలో నేర్చుకొన్న పాఠము ఏ పుస్తకమునను లేదు. ఊరి పెత్తనము చేయబోవు పిల్లవానికి ఇది పట్టముకంటె ముఖ్యము.

మూడవది, మన మాటను కాదనువాని యెదుట నిలుచుట. ఇంట తండ్రి మాటకు ఎదురులేదు; సెల్లుఫోనులో మనకు నచ్చిన మాటయే మరల మరల వినవచ్చును. తెలియని విషయమును తెలియదని యొప్పించి, తప్పుగ ననుకొన్నదానిని సహనముతో దిద్ది, 'ఎందుచేత?' నని యడుగుట నేర్పువాడు గురువు. మన పూర్వులు గురుకులవాసమని యన్నారు గాని గురుకులమున పేరు వ్రాయించుట యని యనలేదు. వాసము లేనిది విద్య లేదని వారి నిశ్చయము. పడమటి దేశములందును, 1852లో డబ్లిను నగరమున విశ్వవిద్యాలయమును గూర్చి యుపన్యసించిన న్యూమను పండితుడు, ఉపాధ్యాయులు లేక యువకులను ఒక్కచోట కలసి బ్రదుకనిచ్చుటయే, కలిపి బ్రదుకనీయక పరీక్షలు మాత్రము పెట్టి పట్టము లిచ్చుటకంటె మేలని వాదించెను. తూర్పు పడమరలు ఏకీభవించిన విషయమిది.

మఱియొక కారణము నేటి పరిస్థితిలో పుట్టినది. 2021–22 విద్యాసంవత్సరము నుండి డిగ్రీ చదువులను ఆంగ్లమాధ్యమమున నడుపవలెనని రాష్ట్రప్రభుత్వము నిర్ణయించినది. ఆ నిర్ణయము మంచిచెడ్డలు వేఱొకనాడు చర్చింతము. తెలుగుబడిలో చదివి వచ్చిన పిల్లవాడు మొదటి మాసములలో తెల్లబోయి కూర్చుండుట సహజము. ప్రతిదినము విని, అడిగి, తోటివారితో చర్చించినచో ఏడాదికి తెఱపి గలుగును. పోనివానికి ఆ తెఱపి యెన్నటికిని రాదు. తనకర్థము గాని వాక్యములను కంఠస్థము చేసి కాగితముపై దించి ఉత్తీర్ణుడైనవాడు, పట్టభద్రుడై యుండియు ఒక అర్జీని చదివి అర్థము చేసికొనలేడు.

అర్జీయన్నంతనే ఈ సీమకు సంబంధించిన పెద్దవిషయము జ్ఞప్తికి వచ్చుచున్నది. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్కేంద్రము వలదని రైతులు, మత్స్యకారులు పోరాడినప్పుడు 2010 జూలై 14వ తేదీన పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. 2011 ఫిబ్రవరి 28వ తేదీన కాకరాపల్లిలోను అట్లే జరిగినది. ఈ తగవులలో న్యాయస్థానముల యెదుట, అధికారుల యెదుట నిలిచినవి కాగితములు: పర్యావరణ నివేదికలు, భూమి లెక్కలు, నీటి లెక్కలు, అధికభాగము ఆంగ్లమున. ఊరి భవిష్యత్తు ఆ కాగితములలో నుండగా, వానిని చదివి 'ఇచ్చట చిత్తడినేలను బంజరని వ్రాసినారు' అని వేలుపెట్టి చూపగలవా రూరిలోనే యుండవలయునా, వలదా? 1940లో పలాసలో అఖిలభారత కిసాన్ సభ జరిగినది. అదే యేడు ఏప్రిల్ 1వ తేదీన మందస జమీనులో వీరగున్నమ్మ తుపాకిగుండ్లకు నేలకొరిగినది. ధైర్యమునకు ఈ నేల యెన్నడును పేదది కాదు. ధైర్యమునకు తోడు కాగితము చదువగల నేర్పు కావలసియున్నది.

మూత్రపిండవ్యాధి మాట యేమి? ఏండ్ల తరబడి దేశదేశముల పరిశోధకులు ఉద్దానమునకు వచ్చిరి; నీటిని, నెత్తురును సీసాలలో బట్టుకొని పోయిరి. కారణమిదియని నిశ్చయముగ నేటికిని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును ప్రారంభింపబడినవి. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా తెచ్చు పథకమును అప్పుడే ప్రారంభమైనది. సంతోషము. అయితే ఆ పరిశోధనకేంద్రమున పనిచేయదగిన రసాయనశాస్త్రజ్ఞుడు, దాదులకు శిక్షణ నిచ్చు విదుషి, ఇంటింటి వివరములు సేకరించి లెక్కగట్టు గణాంకవేత్త, వీరు ఉద్దానపు ఇండ్లనుండి రావలదా? ఏ బావినీరు తాగి తన తాత పోయెనో ఆ బావినీటిని పరీక్షనాళికలో బోసి చూచుటకంటె యువకుని చదువునకు గొప్ప దిక్కు మఱియేమి కావలయును? జీడిపిక్కల సంగతియు నట్టిదే. ఎనుబది కిలోల బస్తాకు ధర యెంతయని మన రైతు దళారి నోరు చూచి యడుగుచుండును. పలాస కర్మాగారములకు ఆఫ్రికానుండి పిక్కలు దిగుమతి యగుచుండగా, ఆ ధర యేల తగ్గునో, ఏల పెరుగునో వివరింపగల వాణిజ్యవిద్యార్థి ఆ రైతు ఇంటనే యుండదగును. చదువు ఉద్దానమును విడిచిపోవుటకు టిక్కెట్టు మాత్రమే కారాదు. ఉద్దానమును తెలిసికొనుటకు కన్నుగూడ కావలయును. బయటికి పోదలచినవాడు పోవచ్చును, కాని తెలిసి పోవలయును.

బాలికల విషయము ప్రత్యేకముగ చెప్పక తప్పదు. 2011 జనాభా లెక్కలనాడు శ్రీకాకుళము జిల్లాలో అక్షరాస్యులు నూటికి 62 మందికి లోపు. దేశమున సుమారు 73. స్త్రీలలో నూటికి 52 మంది మాత్రమే. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మంది పదునెనిమిదేండ్లు నిండకమునుపే వివాహితలైరని తేలినది. పలాస జీడి కర్మాగారములలో పిక్కలు గొట్టి, పొట్టు దీసి, గుండును బద్దను వేఱుచేయు చేతులు స్త్రీల చేతులే. పిక్కల జీడికి ఆ చేతులు నల్లబడుట ఎల్లరు చూచినదే. ఆ తల్లుల కూతుండ్రు కళాశాలకు వచ్చుచున్నారు. వారికి కళాశాల పట్టమునకు పూర్వమే ఒక మేలు చేయుచున్నది: పెండ్లి యను మాటను మూడేండ్లు వెనుకకు నెట్టుచున్నది. పేరు మాత్రము వ్రాయించి ఇంట నుంచిన బాలికకు ఆ రక్షయు లేదు. బస్సు దొరకదని, దారి మంచిది కాదని కూతును మాన్పించు తండ్రి, అదే దారిని కొడుకును పంపుచున్నాడు గదా. దారిని బాగుచేయింపవలయును గాని కూతును మాన్పింపరాదు.

కళాశాలల దోషములను మేము దాచము. విద్యార్థి రాకపోయినను హాజరు వేయునవి కలవు. తక్కువైన హాజరునకు రుసుము గట్టించుకొని మన్నించునవి కలవు. అధ్యాపకుడు లేని శాఖలు, తాళము తీయని ప్రయోగశాలలు కలవు. ప్రభుత్వము చెల్లింపవలసిన బోధనారుసుము ఆలస్యమైనప్పుడెల్ల ఆ భారము విద్యార్థి తలపై పడుచున్నది. 'పోయిన నెవరు చెప్పుదురు?' అని విద్యార్థి యనును. 'వచ్చిన గదా చెప్పుట' యని అధ్యాపకు డనును. ఈ చక్రమును ఎవరో యొకరు ఆపవలయును. ముప్పదిమంది విద్యార్థులు ప్రతిదినము వచ్చి గదిలో కూర్చుండినచో అధ్యాపకుడు రాకతప్పదు. ఖాళీగదిని జూపి అధ్యాపకుని అడుగు అధికారము ఎవరికిని లేదు. కావున మొదటి యడుగు మన యిండ్లనుండియే పడవలయును.

ఒకప్పుడు ఈ సీమవారికి చేరువనున్న పెద్ద విద్యాస్థానము పర్లాకిమిడి. 1900 నాటికే నౌపడనుండి అచ్చటికి చిన్నరైలు నడచినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడి ఆ పట్టణము సరిహద్దున కావల నిలిచినది. మనసు నొచ్చి గిడుగువారు ఆ యూరినే విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరున నుండుట ఆ దినములలో ఉద్దానమువారికి దూరదేశము. నేడట్లు గాదు. టెక్కలిలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల యున్నది, ఇంజనీరింగు కళాశాల యున్నది. ఎచ్చెర్లలో 2008లో అంబేద్కరు విశ్వవిద్యాలయము వెలసినది. ముందుతరమువారు ఊళ్లు దాటి వెదకిన చదువు ఇప్పుడు బస్సు దూరమునకు వచ్చినది. మనవారు బస్సెక్కకున్నారు.

ఈ సీమ గృహస్థులకు మేము చేయు విన్నపములు స్వల్పములు. మీ పిల్లవాడు ఏ కళాశాలలో పేరిచ్చినను, నెలకొకమారు పోయి అతని హాజరును చూడుడు. కొబ్బరి దింపుడు లెక్క చూచుకొనునంత శ్రద్ధ దీనికి చాలును. మీ తోటలో పనిచేయు కూలివాని కొడుకో కూతురో చదువుచున్నచో, కాయకోతల దినములలో వారిని పనికి పిలువకుడు. చేతనైనచో బస్సు ఖర్చు భరింపుడు. రోగియున్న యింటి విద్యార్థికి సాయము చేయ నూరిలో నలువురు కలసి చిన్ననిధి నేర్పఱుపుడు. పలాస, టెక్కలి వర్తకులు గుడి ఉత్సవములకు చందాలిచ్చుటలో వెనుదీయరు. అందొక పాలు బాలికల వసతిగృహమునకును, గ్రంథాలయమునకును ఇచ్చినచో దేవుడు కోపింపడు. ఉద్దానపు ప్రజాప్రతినిధులు కళాశాలకు క్రొత్త భవనము నడుగుటకు ముందు, ఉన్న భవనములో అధ్యాపకులను నింపుమని యడుగవలయును.

ఇక యువకులకు ఒక్కమాట. నేడు మీ చేతికి వచ్చు కూలిడబ్బు నిజమైనది. దానిని మేము తేలిక చేయము. ఇంటి గండము గడుచుటకు పోక తప్పనివారు పొండు, కుదుటపడిన వెంటనే తిరిగి రండు. ఒక యేడు ఆలస్యముగ చదివినవాని నెవరును నవ్వరు. తప్పనిసరి కానివారు మాత్రము పేరిచ్చిన చోటికి పోయి కూర్చుండుడు. అచ్చట మీకు ఉద్యోగము నెవరును వాగ్దానము చేయరు. దొరకున దేమనగా, మీ దారి నింకొకరు నిర్ణయింపక మునుపు మీరు యోచించుకొనుటకు కొంత కాలము, ఒక గది, కొన్ని పుస్తకములు, నలువురు తోటివారు. మీ తాతలకు దొరకనివి యివియే.